కాలువ వంతెన మీద పగటి వేషం: ఒక ఏడాది అనుభవం

కృష్ణా డెల్టాలో కాలువ గట్టున పుట్టి పెరిగినవారికి వేసవిలో కాలువలు కట్టేసే రోజులు ఎలా ఉంటాయో చెప్పనక్కరలేదు. నీరు ఆగిన వారం పది రోజులకు అడుగు బయటపడుతుంది, మిగిలిన నెలలన్నీ నీటి చాటున ఉండిపోయినదంతా ఎండలో ఆరుతూ కనిపిస్తుంది. రెండేళ్ళ కిందటి వేసవిలో మా పట్టణంలోని వంతెన కింద నాకు కనిపించినవి చాలావరకు మూతి ముడివేసిన ప్లాస్టిక్ కవర్లు. ఒకదానిని కర్రతో చీల్చి చూస్తే లోపల నల్లబడిన బంతిపూలు, కుళ్ళిన తమలపాకులు, ఖాళీ కర్పూరం డబ్బా, అద్దం పగిలిన వేంకటేశ్వరస్వామి పటం ఉన్నాయి. కాలువ కట్టేసేలోగా దిగువ ఊళ్ళవారు ఇదే నీటితో తమ మంచినీటి చెరువులు నింపుకుంటారు. మా మేనత్తగారి ఊరు వాటిలో ఒకటి. పట్టణం పేరు ఇక్కడ రాయడం లేదు. ఇందులో మాతో తగవుపడినవారు ఉన్నారు, వారి వైపు న్యాయం ఉంది.

నేను బ్యాంకు ఉద్యోగిని. పాతికేళ్ళుగా పరిషత్తు నాటికలు ఆడుతూ, ఆడిస్తూ ఉన్నాను. తెర లేచేదాకా ప్రేక్షకులు చీకట్లో నిశ్శబ్దంగా కూర్చుని ఉంటారనేది మాబోటివారి గట్టి నమ్మకం. అందువల్ల కాలువలో చెత్త వేయవద్దని చెప్పడానికి వంతెన మీదే, ముందుగా ఎవరికీ చెప్పకుండా ఏదైనా ప్రదర్శిద్దామని మా బృందంలోని ఆరుగురం అనుకున్నప్పుడు, అది మాకు తెలిసిన పనే అనిపించింది. ఆ మరుసటి ఏడాది ఏప్రిల్ 12న మొదలుపెట్టాలని నిశ్చయించాము. అది వీధి నాటక కళాకారుడు సఫ్దర్ హష్మీ పుట్టినరోజు. 1989 జనవరి 1న సాహిబాబాద్ దగ్గరి ఝండాపూర్‌లో కార్మికుల నడుమ నాటకం ఆడుతూ ఉండగా ఆయన మీద దాడి జరిగింది, మరునాడు ఆయన చనిపోయారు. అప్పటినుంచి ఏప్రిల్ 12ను వీధి నాటక దినంగా జరుపుకుంటున్నారు. అంతటి పేరు తలుచుకుని మొదలుపెట్టిన మేము చేసిన మొదటి పని మాత్రం తలుచుకుంటే ఇప్పటికీ మొహం దాచుకోవాలనిపిస్తుంది.

బ్రెజిల్‌కు చెందిన నాటక దర్శకుడు ఆగస్టో బోల్ 1970ల తొలినాళ్ళలో అర్జెంటీనాలో ప్రవాసంలో ఉండగా ఒక పద్ధతిని అభివృద్ధి చేశారు. నటులు జనంలో కలిసిపోయి, ఇది నాటకమని ఎవరికీ తెలియనివ్వకుండా, హోటల్లోనో రైల్లోనో ఒక తగవు నడిపిస్తారు. చుట్టూ ఉన్నవారు తమంతట తాముగా అందులోకి దిగుతారు. మాకు అది బాగా నచ్చింది. సాయంత్రం ఆరున్నరకు, ఆఫీసులు వదిలిన రద్దీలో, మా నటుడొకరు బండి ఆపి వంతెన మీది నుంచి ఒక కవరును కాలువలోకి విసరడం, మా నటి ఒకరు ఆయనను నిలదీయడం, ఆపైన పది నిమిషాలు వాదోపవాదాలు, చివర ఆయన తలవంచుకుని క్షమాపణ చెప్పడం అనేది మేము రాసుకున్న కథ. కవరులో ఉన్నది ఇసుక, దానికొక తాడు కట్టి ఉంచాము, తరువాత పైకి లాగేద్దామని.

మూడో నిమిషానికే కథ మా చేయి దాటింది. మొదట ఇద్దరు పెద్దలు వారిని విడదీయబోయారు. కూరల సంచితో వెళుతున్న ఒక పెద్దావిడ ఆగి, "పూజ పూలు కదమ్మా, కాలువలో వేయకపోతే మరెక్కడ వేస్తారు?" అని మా నటిని మెల్లగా అడిగారు. ఆ ప్రశ్నకు మా రాతప్రతిలో జవాబు లేదు కాబట్టి మా నటి దానిని దాటవేసి తరువాతి సంభాషణ అందుకున్నారు. ఏడాది మొత్తంలో మాకు వినిపించిన అతి ముఖ్యమైన మాట అదేనని ఆ పూట మాకు తట్టలేదు. ఇంతలో ఎవరో కుర్రవాడు ఆడవారితో గొడవేమిటంటూ మా నటుడి చొక్కా కాలరు పట్టుకున్నాడు. భయపడి "ఇది నాటకం బాబూ, నాటకం" అని మేము అరవగానే, అప్పటిదాకా చెత్త వేసినవాడి మీద ఉన్న కోపం మొత్తం మా మీదికి తిరిగింది. "అయితే మమ్మల్ని వెర్రివాళ్ళను చేశారా?" అని వారడిగితే మేము ఏమీ చెప్పలేకపోయాము. రాత్రికల్లా ఆ వీడియో నిజమైన కొట్లాటగా వాట్సాప్ గ్రూపుల్లో తిరిగింది. మరునాడు మా నటి వాళ్ళ ఇంటికి ఒక కానిస్టేబుల్ వచ్చి అడిగితే, వాళ్ళ అత్తగారికి సమాధానం చెప్పుకోవడానికి ఆమెకు వారం పట్టింది.

బోల్ నాటకాన్ని దాచినది సర్కారు కన్నుగప్పడానికి. బాహాటంగా ఆడితే అక్కడ ప్రాణాలకే ముప్పు. మాకు అటువంటి అవసరం ఏదీ లేదు. ఉత్త తెలివితేటల కోసం మేము ఇరుగుపొరుగువారినే మోసం చేశాము. పోలీసు స్టేషన్‌కు వెళ్ళి జరిగినది చెప్పుకున్నాము. మా ప్రాంతంలో పోలీసు చట్టం 30వ సెక్షన్ తరచూ అమల్లో ఉంటుంది, గుంపుగా ఏది చేయాలన్నా అనుమతి కావాలి. ఎంతమంది వస్తారు, మైకు ఉందా, రోడ్డు ఆగుతుందా అన్న మూడు ప్రశ్నలకు జవాబు రాసి ఇవ్వమన్నారు. ఆ తరువాత చేసిన ప్రతి పనికీ ఆ కాగితం ముందు ఇచ్చాము. ప్రదర్శన విషయం స్టేషన్‌కు తెలిసి, వీధికి తెలియకుండా ఉంటే ఆశ్చర్యానికి లోటేమీ రాలేదు.

మే నెలలో కాలువ ఆరింది. ఈసారి మనుషులు వద్దు, వస్తువే మాట్లాడుతుందని అనుకున్నాము. రెండు ఆదివారాలు గమ్ బూట్లు, చేతి తొడుగులు వేసుకుని వంతెన కింద ఉన్న కవర్లను ఏరి, డ్రమ్ముల్లో సున్నపు నీళ్ళు పోసి కడిగి, ఆరబెట్టి, పురికొసకు గుచ్చి తోరణాలు కట్టాము. ఒక శనివారం అర్ధరాత్రి దాటాక వంతెన పిట్టగోడకు రెండు వైపులా ఈ చివర నుంచి ఆ చివరకు వాటిని వేలాడదీశాము. తెల్లవారి ఎండ వాటి గుండా పడేసరికి ఎరుపు, నీలం, పాల ప్యాకెట్ల తెలుపు కలిసి రోడ్డంతా రంగు నీడలు పరుచుకున్నాయి. చాలా అందంగా వచ్చింది. చిక్కంతా ఆ అందంతోనే వచ్చింది. కుర్రకారు నిలబడి సెల్ఫీలు దిగారు. పాల బండి మీద వెళుతున్న ఒకాయన ఆగి, "ఎవరండీ వస్తోంది, ఏ పార్టీ మీటింగు?" అని అడిగారు. అవి మన కాలువలో దొరికినవేనండీ అని చెబితే, "ఓహో, మంచిదండీ" అని వెళ్ళిపోయారు. చిన్న బోర్డు కూడా పెట్టకపోవడం కళ అని మేము అనుకున్నాము; చూసేవారికి అది అలంకరణ మాత్రమే అయింది.

మధ్యాహ్నానికి అసలు గొడవ మొదలైంది. కవర్లను గుచ్చే హడావిడిలో ఒక సంచిని మేము సరిగా చూడలేదు. అది పెళ్ళిలో వచ్చినవారికి తాంబూలం పెట్టి ఇచ్చే సంచి, దాని మీద వధూవరుల పేర్లు బంగారు రంగులో అచ్చువేసి ఉన్నాయి. ఆ ఇంటివారు వంతెనకు నాలుగు వీధుల అవతలే ఉంటారు. పెళ్ళికూతురి తండ్రి వచ్చి ఆ సంచి ఎదురుగా నిలబడి కొంతసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, "ఐదువందల మందికి ఇచ్చామండీ సంచులు. అందులో ఎవడో పారేస్తే మా పిల్ల పేరు ఇక్కడ వేలాడదీస్తారా?" అన్నారు. ఆయన ఎదుటనే దానిని తెంపి ఇచ్చి క్షమాపణ చెప్పాము. ఆయన దానిని మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళారు.

కొలంబియా రాజధాని బొగోటాకు 1990లలో మేయర్‌గా ఉన్న అంటానాస్ మోకుస్, ట్రాఫిక్ కూడళ్ళలో మూకాభినయ కళాకారులను నిలబెట్టి, పాదచారుల దారిలోకి బండి తెచ్చినవారిని ఆటపట్టించి సిగ్గుపడేలా చేయించారని చదివినప్పుడు, జరిమానాకన్నా నవ్వు గట్టిదని నేనూ అనుకున్నాను. ఇప్పటికీ కాదనను. కానీ అంత పెద్ద నగరంలో కూడలి దాటగానే ఆ డ్రైవరు ఎవరికీ తెలియని మనిషి అయిపోతాడు. నాలుగు వీధుల పట్టణంలో సిగ్గు మనిషి వెంట ఇంటిదాకా వస్తుంది, పిల్లల సంబంధాల దాకా వస్తుంది. మా చోట ఆ పనిముట్టు పనికిరాదని ఆ సంచి చెప్పింది.

మూడో రోజు సాయంత్రం ఈదురుగాలికి ఒక వైపు తోరణం తెగి, కడిగి శుభ్రం చేసిన కవర్లన్నీ మళ్ళీ కాలువలోనే పడ్డాయి. వాటిని ఏరుకోవడానికి దిగినప్పుడు పైనుంచి చూస్తున్నవారు నవ్వారు. ఆ నవ్వు మాత్రం మాకు తగినదే.

ఈ దశలో మా బృందంలోని మేకప్ కళాకారుడు మమ్మల్ని దివిసీమ వైపు ఒక పల్లెలో ఉన్న పెద్దాయన దగ్గరకు తీసుకువెళ్ళాడు. చిన్నప్పటి నుంచి పగటి వేషాలు వేసినవారు, ఎనభైకి దగ్గరపడిన మనిషి; అందరూ మాస్టారు అంటారు. పట్టపగలు, తెర లేకుండా, చెప్పాపెట్టకుండా ఊరి మధ్యకు వచ్చే ప్రదర్శన మా జిల్లాలోనే తరతరాలుగా ఉండగా నేను దాని కోసం అర్జెంటీనా దాకా వెళ్ళానన్నమాట. కూచిపూడి భాగవతులు కూడా వేసిన వేషాలవి. ఒక ఊళ్ళో దిగితే రోజుకొక వేషం, చివరికి అర్ధనారీశ్వర వేషం, ఆపైన ఇంటింటికీ వెళ్ళి సంభావన తీసుకోవడం ఆ వృత్తి పద్ధతి.

మేము చేసిన రెండు పనులూ ఆయన ఓపికగా విన్నారు. కొట్లాట సంగతి విని నవ్వారు, సంచి సంగతికి నవ్వలేదు. విన్న తరువాత ఒకే ఒక్క ప్రశ్న వేశారు: "సరే గానీ, గడపలో నిలబడ్డ అమ్మకు మీరేం పని ఇచ్చారు?" మాకు అర్థం కాలేదు. ఆయన వివరించారు. బుడబుక్కలవాడి వేషంలో వెళ్ళామనుకోండి, ఇంట్లో అమ్మ ఉలిక్కిపడి బయటకు వస్తుంది, వచ్చినది వేషమని ఒక్క చూపులో గుర్తుపడుతుంది. అయినా చేటలో బియ్యం తేవాలని ఆమెకు తెలుసు, తెస్తూ తెస్తూ తన గోడు చెప్పుకుని జోస్యం అడగాలనీ తెలుసు. సగం వేషం ఆమే నడుపుతుంది. మీ కొట్లాటలో ఆమెకు పని లేదు, మీ తోరణం కింద అంతకన్నా లేదు అన్నారు. పరిషత్తుల్లో న్యాయనిర్ణేతలు నాకు ఇచ్చిన సలహాలన్నీ కలిపినా ఇంత పనికివచ్చినది ఒక్కటి లేదు.

ఆయనే బుడబుక్కల వేషం తానే వేస్తానన్నారు, రెండు షరతులతో. కులాల మీద ఎగతాళిగా నడిచే పాత వేషాలు ఏవీ వద్దు. అవి ఆ రోజుల్లో చెల్లాయి, ఇప్పుడు చెల్లవు, అప్పుడైనా చెల్లకుండా ఉండవలసింది అన్నారు. రెండోది, పట్టణ శివార్లలో బుడబుక్కలవారి గుడిసెలు ఉన్నాయి, వారు బతుకుతెరువుగా చేసుకునే పనిని మనం వేషంగా వేస్తున్నాము కాబట్టి ముందు వారిని అడగాలి. వెళ్ళి అడిగాము. అక్కడి పెద్ద అభ్యంతరం చెప్పలేదు, పైగా మాస్టారు డమరుకం పట్టిన తీరు చూసి, "అట్టా పడితే తెల్లారేసరికి మణికట్టు పోద్ది" అని బొటనవేలు ఎక్కడ ఉండాలో చూపించాడు. అరవై ఏళ్ళుగా తప్పే పట్టానన్నమాట అని మాస్టారు సంబరపడ్డారు.

జూన్ నెలలో, కాలువకు నీరు వదలకముందు, వంతెనకు ఆనుకుని ఉన్న ఒక్క వీధిని ఎంచుకుని ఐదు రోజులు వేషాలు కట్టాము. అన్నిటినీ చెప్పను, మధ్యలో రెండు సాదాగా జరిగిపోయాయి. మొదటి రోజు మాత్రం చెప్పాలి. తెల్లవారుజామున, ఇంకా వీధి దీపాలు ఆరకముందు, తలపాగా, పాత నల్ల కోటు, మెడలో పూసలతో మాస్టారు డమరుకం మోగిస్తూ "అంబ పలుకు, జగదంబ పలుకు" అంటూ వీధి మొదట్లో నిలబడేసరికి తలుపులు వరసగా తెరుచుకున్నాయి. వీధిలో మూడో ఇంటి అమ్మ కళ్ళు నులుముకుంటూ వచ్చి చూసి, "ఎవరూ, వేషమా?" అని నవ్వి, లోపలికి వెళ్ళి చేటతో వచ్చారు.

"తల్లీ, నీ ఇంట నిత్యం దీపం వెలుగుతోంది, పూజ జరుగుతోంది" అన్నారు మాస్టారు.

"అవును స్వామీ, జరుగుతోంది."

"పూజ చేసిన పూలు ఎటు పోతున్నాయి తల్లీ? అంబకు కనపడటంలేదే."

ఆమె ఒక క్షణం ఆగారు. చేటను మెట్టు మీద పెట్టి, నవ్వు మాని, "ఎటు పోతాయి స్వామీ, కాలువలోకే. చెత్త బండిలో వేద్దామంటే అందులో కోడి ఈకలు, చేప పొట్టు వేస్తారు. దేవుడి పూలు వాటి మీద ఎలా వేయను? చెట్టు మొదట్లో వేద్దామంటే ఈ వీధిలో చెట్టు ఎక్కడుంది?" అన్నారు. పక్కింటివారు, ఎదురింటివారు అందుకున్నారు. బండి వచ్చేవేళకు పనికి వెళ్ళిపోయి ఉంటామని ఒకరు, పారే నీటిలో కలిపితే దోషం ఉండదని అత్తగారు చెప్పిందని ఒకరు, కవరు విప్పి వేసే తీరిక బండి మీద వెళ్ళే మగవారికి ఉండదని ఒకరు చెప్పారు. ఏప్రిల్‌లో కూరల సంచి ఆవిడ అడిగిన ప్రశ్నే ఇది. రెండు నెలలు మేము వీరికి లేని అజ్ఞానాన్ని పోగొట్టే ప్రయత్నంలో ఉన్నాము. ఆ కవర్లు వారి లెక్కలో చెత్త కాదు. నిర్మాల్యాన్ని తొక్కుడు పడకుండా, మైల తగలకుండా సాగనంపడానికి వారికి దొరికిన ఒకే ఒక్క చోటు ఆ వంతెన.

మాస్టారు మాత్రం వేషం వదలలేదు. "అంబ అయిదో నాటికి జవాబు చెబుతుంది తల్లీ" అని బియ్యం జోలెలో పోయించుకుని తరువాతి గడపకు వెళ్ళారు. వెనుక నడుస్తున్న నాకు చెమటలు పట్టాయి, ఎందుకంటే అయిదో నాటికి ఏదో ఒకటి చూపించవలసినది మేము.

ఆ నాలుగు రోజులు వేషాలకన్నా దాని మీదే ఎక్కువ తిరిగాము. వంతెన మొదట్లో రోడ్డు పక్కన ఒక తొట్టి పెట్టుకుంటామని సంబంధిత కార్యాలయంలో అడిగితే ఎవరూ కాదనలేదు, ఎవరూ కాగితమూ ఇవ్వలేదు. చివరకు వంతెన పక్కనే ఉన్న చిన్న గుడి ధర్మకర్తలు తమ ప్రహరీ లోపల, రోడ్డు మీది నుంచి చేయి చాపితే అందేంత దూరంలో చోటిచ్చారు. బావుల్లో దింపే సిమెంటు వరలు రెండు కొని ఒకదాని మీద ఒకటి నిలిపాము. అడుగున కొబ్బరి పీచు, దాని మీద మట్టి, గాలి ఆడటానికి పక్కల చిల్లులు. దానికి పసుపు రంగు వేసి కుంకుమ బొట్లు పెట్టాలన్నది మూడో ఇంటి అమ్మ సలహా. గడపలా కనిపిస్తే ఎవరూ ఉమ్మి వేయరు, సిగరెట్టు పారేయరు అన్నారు. "పూలు, ఆకులు మాత్రమే, కవరు విప్పి వేయండి" అని రాసి, ఖాళీ కవరు తగిలించడానికి పక్కన మేకులు కొట్టాము. తోరణం నుంచి మేము నేర్చుకున్నదల్లా ఆ మేకుల్లో ఉంది: మేము వేలాడదీయడం మాని, ఎవరి కవరు వారే తగిలించే ఏర్పాటు.

అయిదో రోజు మాస్టారు అర్ధనారీశ్వర వేషం తనకు ఈ వయసులో చేతకాదని, మా నటికి నేర్పించి వేయించారు. మధ్యలో పట్టుకున్న తెరను అటూ ఇటూ తిప్పుతూ సగం శివుడిగా, సగం పార్వతిగా ఆమె వీధి పొడుగునా ఆడుతూ గుడి దాకా వస్తే, వీధంతా వెనుక నడిచింది. ఏప్రిల్‌లో ఆమెను వంతెన మీద చూసినవారు కొందరు గుర్తుపట్టి, "ఆరోజు కొట్లాడిన అమ్మాయే" అనుకోవడం నాకు వినిపించింది. గుడి దగ్గర మాస్టారు కోటు విప్పేసి, మామూలు మనిషిగా, "అంబ చెప్పిన చోటు ఇదే తల్లీ" అన్నారు. కొన్ని క్షణాలు ఎవరూ కదలలేదు. ముందుగా మూడో ఇంటి అమ్మ చేతిలోని కవరు ముడిని పళ్ళతో విప్పి, పూలు వరలో వేసి, కవరును మేకుకు తగిలించారు. తరువాత సంభావన కోసం ఆయన ఇంటింటికీ వెళ్ళారు. మేము ఇవ్వబోయిన డబ్బు తీసుకోలేదు; వీధి ఇస్తేనే వేషం అన్నారు. బియ్యం, నోట్లు, ఒక ఇంట్లో కొత్త కండువా వచ్చాయి.

ఆ తరువాతి నెలల సంగతి క్లుప్తంగా చెబుతాను. వరలోని పూలు మట్టిగా మారడానికి మేము అనుకున్నదానికన్నా ఎక్కువ కాలం పట్టింది. దండల్లోని దారాలు, మెరుపు కాగితాలు ఏరడం ఒక పెద్ద పని, దానికి వీధిలో ఇద్దరు వంతులు వేసుకున్నారు. వినాయక చవితి మరునాడు 21 రకాల పత్రి ఒక్కసారిగా వచ్చిపడి వర పొంగి గుడి మెట్ల దాకా పేరుకుంది, అప్పటికప్పుడు రెండో తొట్టి కట్టాము. పగిలిన దేవుడి పటాలకు ఇప్పటికీ దారి లేదు. పూజారిగారు వాటిని తీసుకోరు, రావిచెట్టు కింద పెడితే అక్కడే ఉండిపోతున్నాయి. మిగతా వీధులవారు మాకూ వేషాలు కట్టమని అడుగుతున్నారు, కానీ ఒకసారి చూసిన వేషంతో రెండో వీధిని ఆశ్చర్యపరచలేము, కొత్తది కట్టాలి.

ఈ వేసవిలో కాలువ ఆరినప్పుడు వంతెన కింద దిగి చూశాను. ముడివేసిన పూల కవర్లు ఉన్నాయి గానీ, ఆ వీధి వైపు వెదికితే గాని దొరకలేదు. వాటి స్థానంలో ఎక్కువగా కనిపించినవి బిర్యానీ పొట్లాలు, హోటలు వ్యర్థాలు. రాత్రి పదకొండు దాటాక బండి ఆపకుండానే విసిరేసి పోయేవారివి. ఈ సంగతి మాస్టారికి ఫోన్ చేసి చెప్పి, వారి కోసం ఏ వేషం కడదామని అడిగాను. ఆయన కాసేపు ఆలోచించి, "నాకు వచ్చినవి పగటి వేషాలయ్యా, రాత్రి వేషం నేను నేర్చుకోలేదు. ఆ పదకొండు గంటలప్పుడు ఆ వంతెన మీద మెలకువగా ఉండేది ఎవరో ముందు చూసిరా" అన్నారు. రేపటి శనివారం రాత్రి వెళ్ళి చూడాలి.